సెల్లార్‌లో ఒక ప్లగ్ పాయింటు: బెంగళూరు అపార్ట్‌మెంట్ కమిటీలకు, ఇంధన శాఖకు బహిరంగ లేఖ

బెంగళూరు అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘాల ప్రెసిడెంట్లకు, సెక్రటరీలకు, కమిటీ సభ్యులకు,
కర్ణాటక ఇంధన శాఖ అధికారులకు,

నమస్కారం.

కమిటీ పని జీతం లేని చాకిరీ అని తెలుసు. నీళ్ళ ట్యాంకరు రాకపోయినా, లిఫ్టు మధ్యలో ఆగినా ఫోన్లు మీకే వస్తాయి. ఆ ఓపికకు దండం పెట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నా సొంత పార్కింగ్ స్లాట్‌లో, నా ఫ్లాటు మీటరు నుంచి, నా డబ్బుతో కారు ఛార్జింగ్ పాయింటు పెట్టుకుంటానని మా కమిటీని అడిగాను. మెయిల్ పెట్టాను, రిమైండర్లు పెట్టాను, జనరల్ బాడీ మీటింగులో లేచి అడిగాను. మొదట "చూద్దాం సార్" అన్నారు. తర్వాత "సేఫ్టీ ఇష్యూ" అన్నారు. ఆ ఇష్యూ ఏమిటో కాగితం మీద రాసివ్వమంటే గ్రూపులో నా మెసేజ్ కింద ఎవరో దండం ఎమోజీ పెట్టారు, అంతటితో చర్చ ముగిసింది. మా అపార్ట్‌మెంట్ పేరు ఇక్కడ అనవసరం. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం, సర్జాపుర రోడ్డు వైపు ఉన్న ఏ స్నేహితుణ్ణి కదిపినా కాస్త అటూ ఇటూగా ఇదే చెబుతున్నాడు. ఆ వైపు కమిటీల్లో మనవాళ్ళు బాగానే ఉన్నారు. ఇంగ్లీషులో రాసినప్పుడు రాని జవాబు తెలుగులో రాస్తే వస్తుందేమోనన్న ఆశతో ఇది రాస్తున్నాను.

ముందు అసలు ప్రశ్న. కరెంటు కారు నిజంగా అంత గొప్పదా, లేక ఇది నాకు పట్టిన పిచ్చా? లెక్క వేద్దాం.

ఈ ఊళ్ళో 10 కిలోమీటర్లు వెళ్ళడానికి రద్దీ వేళల్లో అరగంట పైనే పడుతుంది. ఆ అరగంటలో పెట్రోలు ఇంజిను సగంసేపు నిలబడి తాగుతూనే ఉంటుంది. మామూలుగానే పెట్రోలులోని శక్తిలో పావు వంతు అటూ ఇటూ మాత్రమే చక్రాలకు చేరుతుంది, మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. కరెంటు మోటారు బ్యాటరీలోంచి తీసుకున్న శక్తిలో 85 శాతం పైగా కదలికగా మారుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మోటారు తిరగదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి వెళుతుంది. అంటే ట్రాఫిక్ జాములకు పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ పెట్రోలు కారును ఎంత పీడిస్తుందో, కరెంటు కారును అంత పీడించదు. లోపల కూర్చున్న మనిషికి మాత్రం రెండింట్లోనూ ఒకే నరకం, అది వేరే సంగతి.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటిని తీసుకోండి. సిటీలో లీటరుకు 12 ఇచ్చే పెట్రోలు కారుకు 83 లీటర్లు కావాలి. లీటరు వంద దాటింది కాబట్టి ఎనిమిదిన్నర వేల దాకా ఖర్చు. అదే సైజు కరెంటు కారుకు ఛార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుంటే 170 యూనిట్లు చాలు. ఇంటి మీటరు మీద అన్ని చార్జీలూ కలిపి యూనిట్ 8 రూపాయలు అనుకున్నా 1,360 రూపాయలు. బయట ఫాస్ట్ ఛార్జరు దగ్గర ఇదే కరెంటు, 18 శాతం జీఎస్టీతో కలిపి, యూనిట్ 20 అనుకుంటే 3,400.

ఈ మూడో అంకె దగ్గరే నా గోడు ఉంది. కారు ఒకటే, రోడ్డు ఒకటే, కరెంటూ ఒకటే. సెల్లార్‌లో ప్లగ్ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఏడాదికి 24 వేలు తేడా. డబ్బు ఒక్కటే కాదు, బయట ప్రతిసారీ ముప్పావుగంటో గంటో కూర్చోవాలి, క్యూ ఉంటే ఇంకా ఎక్కువ. పైగా రోజూ ఫాస్ట్ ఛార్జింగే పెడితే బ్యాటరీ త్వరగా అరుగుతుంది. కరెంటు కారు మేలంతా రాత్రి మనం పడుకున్నప్పుడు అది నెమ్మదిగా ఛార్జి అవడంలో ఉంది. ఆ వీలు తీసేస్తే సగం కారును తీసేసినట్టే.

పెట్రోలు కారు వైపు కూడా న్యాయం చెప్పాలి. కరెంటు కారు కొనేటప్పుడు మూడు, నాలుగు లక్షలు ఎక్కువ పెట్టాలి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగి ఇంట్లో ఛార్జి చేసుకుంటే ఆ తేడా నాలుగేళ్ళ చుట్టుపక్కల తిరిగి వస్తుంది. 400, 500 మాత్రమే తిరిగేవాళ్ళు పెట్రోలు కారుతో ఉండటమే తెలివి, నన్ను సలహా అడిగితే అదే చెబుతాను. సంక్రాంతికి పిల్లాపాపలతో గుంటూరో, రాజమండ్రో వెళ్ళాలంటే దారిలో ఛార్జరు పనిచేస్తుందా, ముందు ఎన్ని కార్లున్నాయి అనే టెన్షన్ ఇంకా పోలేదు. అనంతపురం, చిత్తూరు, తిరుపతి దాకా అయితే ఇప్పుడు పెద్ద చింత లేదు. సర్వీసింగు తేలిక: ఇంజినాయిల్ లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు, క్లచ్ లేదు. టైర్లు మాత్రం బరువు వల్ల కాస్త త్వరగా అరుగుతాయి. బ్యాటరీకి మామూలుగా 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. కరెంటు కారు కొనుగోలు మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం రాయితీ ఉంది.

"కరెంటు కూడా బొగ్గుతోనే కదా వచ్చేది?" అని మా మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. దేశం మొత్తం మీద ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. పై కార్లకే లెక్క కడితే పెట్రోలుకు కిలోమీటరుకు 190 గ్రాములు, కరెంటుకు 120 గ్రాముల చుట్టుపక్కల. బ్యాటరీ తయారీలో కాలుష్యం ఎక్కువన్నదీ నిజమే, తిరిగే కొద్దీ ఆ బాకీ తీరుతుంది. కర్ణాటకలో శరావతి జలవిద్యుత్తు ఉంది, మన అనంతపురం పక్కనే పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. గ్రిడ్డు ఏటా కొద్దికొద్దిగా శుభ్రపడుతోంది, పాత పెట్రోలు కారు ఏటా మురికవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు కారు పొగను మన పిల్లల ముక్కుల దగ్గర వదలదు.

ఇక చట్టం. విద్యుత్ వాహనాల కోసం ప్రత్యేక విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం కర్ణాటక, 2017లో. రేవా అనే కరెంటు కారు ఈ ఊళ్ళోనే తయారై 2001లో రోడ్డెక్కింది, లండన్ వీధుల్లోనూ తిరిగింది. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదని, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ నుంచే బండి ఛార్జి చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. బండి కోసం విడిగా కనెక్షన్ అడిగితే ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలు సవరించారు. కొత్త భవనాల పార్కింగులో 20 శాతం స్థలాల్లో ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని నమూనా భవన నిబంధనలకు 2019లో సవరణ వచ్చింది. మనలాంటి పాత భవనాల ఊసు అందులో లేదు, చిక్కంతా అక్కడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత పెద్దలు ఊరికే అనలేదు.

మీకున్న భయాలను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్ళల్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ వార్తలు చదివిన తెలుగువాడెవడూ మర్చిపోడు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది, ఆ ఏడాది డిసెంబరు నుంచి, మరుసటి మార్చి నుంచి రెండు దశల్లో అమలైంది. అయినా లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం, చాలా నీళ్ళు కావాలి, ఆరిందనుకున్నది మళ్ళీ రాజుకోవచ్చు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ మీరు కూడా ఒకటి ఒప్పుకోండి. సెల్లార్‌లో 50 పెట్రోలు కార్లుండి, ఒక్కో ట్యాంకులో 20 లీటర్లే ఉన్నా, మన కాళ్ళ కింద 1,000 లీటర్ల పెట్రోలు ఉన్నట్టు. దాని పక్కన జనరేటరు, దాని డీజిలు. వాటికి ఏ మీటింగులోనూ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, అడగలేదు. తిరుగుతున్న బండ్ల సంఖ్యతో పోల్చి చూస్తే కరెంటు కార్లలో మంటలు పెట్రోలు, డీజిలు కార్లకంటే తక్కువని స్వీడన్ ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

నిషేధం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

1. ప్రమాదం తగ్గలేదు, పెరిగింది. అనుమతి లేదంటే జనం బండ్లు కొనడం మానలేదు. ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందికి వేలాడదీసి రాత్రంతా స్కూటర్ ఛార్జి చేస్తున్నారు. మా వాచ్‌మన్ గదిలో ఒక సాకెట్ ఉంది. ఫ్యాను కోసం వేసిన సన్న వైరు అది. దానికి మల్టీప్లగ్ తగిలించి డెలివరీ కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బండ్లు పెట్టేవారు. ఒకరోజు ప్లగ్ లాగితే పిన్ను గోధుమరంగుకు తిరిగి ఉంది, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కరిగి సాగింది. కమిటీ ఏం చేసింది? ఆ సాకెట్‌కు టేపు వేసింది. ఇప్పుడు ఇంకో సాకెట్ వాడుతున్నారు. మేము అడుగుతున్నది దీనికి సరిగ్గా విరుగుడు: మీటర్ రూమ్ నుంచి స్లాట్ దాకా పైపులో తగిన మందం రాగి కేబులు, లోడు మించితే ట్రిప్ అయ్యే విడి ఎంసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఇచ్చే సర్టిఫికెట్. వద్దన్నది మీరు ఈ పద్ధతిని. ఆగనిది ఆ వైరు.

2. అద్దెకుండేవాళ్ళు రెండు గుమ్మాలు ఎక్కాల్సి వస్తోంది. ముందు ఓనరు ఒప్పుకోవాలి, తర్వాత కమిటీ. పదకొండు నెలల అగ్రిమెంటుతో ఉండేవాడికి ఈ రెండూ తేలేలోపు ఇల్లు మారే రోజు వస్తుంది. ఈ ఊళ్ళో ఐటీ ఉద్యోగానికి వచ్చిన మన పిల్లల్లో ఎక్కువమంది అద్దెవాళ్ళే కదా.

3. క్యాబ్ నడిపేవాళ్ళకు ఇది రోజుకూలీ లెక్క. నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగే డ్రైవరుకు ఇంటి ఛార్జింగుకూ బయటి ఛార్జింగుకూ మధ్య తేడా నెలకు ఎనిమిది వేలు. ఒక బిడ్డ స్కూలు ఫీజు అందులో ఉంటుంది. అతను ఫాస్ట్ ఛార్జరు దగ్గర క్యూలో నిలబడ్డ గంటలో ట్రిప్పు లేదు. కార్పొరేట్ అపార్ట్‌మెంట్లో ఉండే నాలాంటివాడు కూడా అదే క్యూలో నిలబడి అతని గంటను రెండు చేస్తున్నాడు, ఎందుకంటే నా సెల్లార్‌లో ప్లగ్ లేదు. బయటి ఛార్జర్లు దూరం వెళ్ళేవాళ్ళకు, ఇంట్లో పార్కింగ్ లేనివాళ్ళకు దక్కాలి. ఛార్జింగ్ స్టేషన్ల సంఖ్యలో కర్ణాటక దేశంలో ముందుంది, 2024 నాటికే ఐదు వేలు దాటాయి, వాటిలో ఎక్కువ ఈ నగరంలోనే. అయినా క్యూ తగ్గకపోవడానికి ఇదొక కారణం.

4. పెద్దవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు. ఉదయం ఎనిమిదిన్నరకు సెల్లార్ ర్యాంపు దగ్గర ఆ పొగలో ఒక్కసారి నిలబడండి, చాలు.

5. ఫ్లాటు విలువ. రేపు కొనడానికి వచ్చేవాడు ముందడిగే ప్రశ్నల్లో నీళ్ళ తర్వాత ఇదే ఉంటుంది.

లోడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ అభ్యంతరాల్లో నిజంగా బరువున్నది ఇదొక్కటే. "అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది" అంటారు. వంద ఫ్లాట్లూ 7 కిలోవాట్ల ఛార్జర్లు పెట్టి సాయంత్రం ఏడింటికే ఆన్ చేస్తే 700 కిలోవాట్లు, తట్టుకోదు, మీ మాట నిజం. కానీ అంత ఎవరికి కావాలి? రోజుకు 35, 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. మామూలు 16 యాంపుల సాకెట్ మీద 3.3 కిలోవాట్ల ఛార్జరు పెడితే రెండు, రెండున్నర గంటల్లో ఆ పని అయిపోతుంది. 3.3 కిలోవాట్లంటే గీజరు, ఏసీ కలిపి వేసుకున్నంత. అది కూడా రాత్రి 11 తర్వాత, గీజర్లన్నీ ఆరిపోయాక. పది కార్లు ఒకేసారి పెట్టినా 33 కిలోవాట్లు. కాబట్టి మీరు ఆపాల్సింది ఛార్జింగును కాదు, 7 కిలోవాట్లను. ఫ్లాటుకు 3.3 కిలోవాట్ల పరిమితి పెట్టండి, రాత్రి వేళలు నిర్ణయించండి, సంతోషంగా సంతకం పెడతాను. శాంక్షన్డ్ లోడు (కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) పెంచాల్సి వస్తే ఆ ఫీజు ఎవరిది వాళ్ళే కట్టుకుంటారు.

ఇంకో చిక్కు మీరెవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. కరెంటు పోయి జనరేటరు ఆన్ అయినప్పుడు కారు దాని మీద ఛార్జి కాకూడదు. అలా అయితే నా కారు తాగే డీజిలు ఖర్చు మెయింటెనెన్సులో అందరి మీదా పడుతుంది. బయటి కరెంటు (మెయిన్స్) మీద మాత్రమే పనిచేసేలా ఒక కాంటాక్టరు, అంటే దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చు, పెడితే సరిపోతుంది, మంచి ఎలక్ట్రీషియన్‌కు అదేం పెద్ద పని కాదు. ఇలాంటి షరతులు పెట్టండి. షరతులు పెట్టడం కమిటీ హక్కు. కారణం చెప్పకుండా ఊరుకోవడం మాత్రం కమిటీ హక్కు కాదు.

మా డిమాండ్లు ఇవి.

కమిటీలకు:

1. దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా అనుమతైనా ఇవ్వాలి, లేదా ఎలక్ట్రికల్ ఇంజినీరు సంతకంతో కారణాలైనా కాగితం మీద ఇవ్వాలి. "మెంబర్లు కొందరికి ఇష్టం లేదు" అనేది కారణం కాదు.

2. సొంత స్లాట్, సొంత మీటరు, సొంత ఖర్చు అయినచోట జనరల్ బాడీ ఓటింగు పెట్టకూడదు. ఏసీ పెట్టుకోవడానికి ఓటింగు పెట్టామా?

3. సొంత స్లాట్ లేనివాళ్ళకు, స్కూటర్లవాళ్ళకు, వాచ్‌మన్‌కు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు విజిటర్ పార్కింగులో మీటరున్న ఉమ్మడి పాయింట్లు రెండైనా పెట్టాలి. వాడిన యూనిట్లకు డబ్బు తీసుకోండి, దానికి లైసెన్సు అక్కర్లేదని పైన చెప్పాను. ఈ పాయింట్లు వచ్చిన రోజే బాల్కనీ వైర్లను నిషేధించండి, ఆ నిషేధానికి మొదటి ఓటు నాదే.

4. సెల్లార్ వైరింగు, ఎర్తింగు, పొగ డిటెక్టర్లు, మంటలార్పే సిలిండర్ల ఎక్స్‌పైరీ తేదీలు ఏడాదికోసారి చెక్ చేయించాలి. కరెంటు కార్ల కోసమనే కాదు, జనరేటరు కోసం కూడా.

ఇంధన శాఖకు:

5. పాత భవనాలకు కూడా వర్తించేలా, సొంత స్లాట్‌లో ఛార్జింగ్ పెట్టుకునే హక్కును స్పష్టంగా రాసి ఉత్తర్వు ఇవ్వండి. కేంద్రం మార్గదర్శకాలు చూపిస్తే "అవి గైడ్‌లైన్సే కదా" అంటున్నారు. ఎన్‌వోసీ ఏ కారణాల మీద నిరాకరించవచ్చో ఆ ఉత్తర్వులోనే ఉండాలి, ఆ జాబితా చిన్నదై ఉండాలి.

6. రాష్ట్రంలో ఛార్జింగ్ వ్యవస్థకు నోడల్ ఏజెన్సీ, అంటే బాధ్యత చూసే సంస్థ, బెంగళూరు కరెంటు సరఫరా కంపెనీ బెస్కామే. కమిటీలు భయపడుతున్నది తెలియక. అడిగిన అపార్ట్‌మెంట్‌కు ఇంజినీరును పంపి, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని కార్లకు చోటుందో ఒక పేజీలో లెక్క రాసి ఇప్పించండి. సగం గొడవలు ఆ ఒక్క పేజీతో పోతాయి.

7. నిరాకరించిన కమిటీ మీద ఎవరికి అప్పీలు చేసుకోవాలో చెప్పండి. ఈరోజు సివిల్ కోర్టు తప్ప వేరే దారి కనబడటం లేదు. ఒక ప్లగ్ పాయింటు కోసం పక్కింటివాళ్ళ మీద కేసు వేసే పరిస్థితి ఏ ఓనరుకూ రాకూడదు.

అపార్ట్‌మెంట్లలో వచ్చే జనరల్ బాడీ మీటింగు నోటీసు రాసేటప్పుడు ఈ విషయాన్ని "ఇతర అంశాలు" కింద కాకుండా అజెండాలో మొదటి మూడింట్లో పెట్టమని కోరుతున్నాను. చివరికి వచ్చేసరికి సగంమంది భోజనానికి లేచిపోతారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ లేఖ కన్నడ, ఇంగ్లీషు ప్రతులను ఇంధన శాఖ కార్యదర్శికి, మా నియోజకవర్గ శాసనసభ్యుడికి పంపుతున్నాను.

ఇట్లు,
మహదేవపుర ప్రాంతంలోని ఒక ఫ్లాటు ఓనరు